లింగధారి బాలుడు - బొమ్మ తుపాకి

దీపావళి సమీపించిన ప్రతి సంవత్సరము మన లింగవంతుల గృహములలో ఒక చిన్న వివాదము తలయెత్తుచుండును. బాలుడు అంగడిలో వ్రేలాడుచున్న బొమ్మ తుపాకిని చూచి, అది కావలెనని మారాము చేయును. తండ్రి కొనిపెట్టుదమనును. ఇంటి పెద్దలలో ఎవరో ఒకరు "మెడలో లింగము, చేతిలో తుపాకియా?" అని అడ్డుపడుదురు. చివరకు పిల్లవాని యేడుపు గెలుచును, లేదా పెద్దవారి గద్దింపు గెలుచును. ప్రశ్న మాత్రము మరుసటి పండుగ వరకు అటులనే మిగిలిపోవును. ఇది పిల్లల ఆటకు సంబంధించిన అల్పవిషయమని కొందరు తలపవచ్చును. నేనట్లు తలపను. దయను ధర్మమునకు ఆధారముగా నిలిపిన బసవేశ్వరుని మార్గమున నడచువారమని చెప్పుకొను మనము, చంపుటకు తప్ప వేరొక పనికి పుట్టని వస్తువు యొక్క ప్రతిమను బిడ్డల చేతికి ఇచ్చుట ఉచితమా కాదా యని ఒక్క పర్యాయమైనను నిదానముగా విచారింపవలసి యున్నది.

విచారమునకు ముందు ఒక మాట. నేను ఆ తుపాకులతో ఆడినవాడను. ఆడి మిక్కిలి సంతోషించినవాడను. ఆ సంతోషమును మూటగట్టి అటకపై పెట్టి, అహింసను గూర్చి ఉపన్యసించుట నాకు చేతకాదు. కావున ముందుగా ఆ సంతోషమునే పాఠకుల ముందుంచెదను.

గోదావరిఖనిలో మా బాల్యము 1970 దశాబ్ది చివర, 1980 దశాబ్ది మొదట గడచినది. 1960 ప్రాంతమున ఇచ్చట బొగ్గుబాయిలు తెరచిన పిదప నలుదిక్కుల నుండి కార్మికులు వచ్చి చేరిరి. ఒక్క క్వార్టర్ల వరుసలో లింగవంతుల యిల్లొకటి, ముస్లిముల యిల్లొకటి, మాదిగల యిల్లొకటి, ఉత్తరాది నుండి వచ్చినవారి యిల్లొకటి ఉండెడివి. ఊళ్లలో వేరువేరు వాడలలో ఉండవలసిన బాలురు ఇచ్చట ఒకే గోడకు బంతి కొట్టిరి. ఈ ఒక్క విషయమున బొగ్గుబాయి కల్యాణ నగరమునకు కొంత దగ్గరగా వచ్చినదని నాకు తోచుచుండును. అయినను బాయి ధర్మము బాయిదే, అనుభవ మంటపము ధర్మము దానిదే.

మా మొదటి తుపాకులు చెక్కవి. బాయిలో కప్పు కూలకుండ నిలుపు దిమ్మెలను కోయు చోట మిగిలిన చెక్కముక్కలను ఏరి తెచ్చి, కత్తిపీటతో చెక్కి, సన్నని గాజు పెంకుతో నునుపు చేసెడివారము. అవి ప్రేలవు, ప్రేలుడు నోటితో చేయవలసినదే. నోటితో చక్కగా ప్రేల్చగలవానికి మాలో గౌరవము మెండు. తరువాత వెదురు తుపాకి. వ్రేలంత లావు వెదురు గొట్టమున ఒక కొసను నానబెట్టిన కాగితపు ఉండను గాని లేత వేపకాయను గాని బిగించి, రెండవ కొస నుండి మరియొక ఉండను కర్రతో వేగముగా నెట్టిన, నడుమ చిక్కిన గాలి ఒత్తిడికి ముందరి ఉండ "టప్పు"మని ఎగిరిపోవును. భౌతికశాస్త్రమున గాలి పీడనము గూర్చి నేను తరువాత చదివిన పాఠమంతయు ఆ గొట్టములో ముందే ఉన్నది.

రేకు తుపాకి వచ్చినది మాత్రము జాతర వలన. శివరాత్రికి వేములవాడ పోయినప్పుడు రాజన్న గోపురము కంటె ముందు దుకాణపు దారమునకు వ్రేలాడు రేకు తుపాకులు మా కన్నులకు కానవచ్చెడివి. దీపావళి నాటికి వానిలో పెట్టు టిక్లీలు కిరాణాకొట్లలో దొరికెడివి. గుండ్రని చిన్న డబ్బీలో ఎఱ్ఱని బిళ్లలు. మరికొన్ని కాగితపు చుట్టలుగా ఉండెడివి. పొటాషియం క్లోరేటు, ఎఱ్ఱ భాస్వరము అను రెండు పదార్థములు అణుమాత్రము కలిసియుండుట చేతనే ఒక్క దెబ్బకు అవి ప్రేలునని పిమ్మట తెలిసినది. అప్పుడు తెలిసినది దాని వాసన మాత్రమే. దీపావళి మరునాటి ఉదయము వాకిళ్లలో ఆ వాసన, బొగ్గుపొయ్యి పొగ, పచ్చిపేడ అలుకు వాసన కలిసియుండెడివి. తుపాకి లేనివాడు బండ మీద టిక్లీ పెట్టి రాతితో కొట్టెడివాడు. తుపాకి గలవాని కంటె వానికే శబ్దము బాగుగా వచ్చెడిది. ఇది మా అందరికిని తెలిసిన రహస్యము, ఎవ్వరును ఒప్పుకొనని రహస్యము.

మా బాపు బాయిలో షాట్ ఫైరరు. అనగా బొగ్గుపొరలో రంధ్రములు తొలిచిన పిదప మందు కూర్చి ప్రేల్చువాడు. నిజమైన మందుతో ప్రతిదినము మెలగువానికి బొమ్మ తుపాకి హాస్యాస్పదముగా ఉండవలెను గదా. ఆయన కట్లు ఉండలేదు. ప్రేల్చుటకు ముందు విషవాయువు, మండెడు వాయువు ఉన్నదేమో పరీక్షింపవలెను, మనుష్యులను దూరముగా పంపవలెను, దారులకు కాపుంచవలెను, హెచ్చరిక పలుకవలెను, ప్రేలినవి ఎన్ని, ప్రేలనివి ఎన్ని యని లెక్కింపవలెను. ప్రేలక మిగిలిన దానియొద్దకు తొందరపడి పోరాదు. మేము టిక్లీలు కాల్చి వచ్చినప్పుడు ఆయన అడిగిన ప్రశ్న ఒక్కటే: "ఎన్ని కాల్చిండ్రు, ఎన్ని పేలలే?" పేలనివానిని ఏరి తెచ్చి నీళ్లలో వేసిన గాని అన్నము పెట్టనిచ్చెడివాడు కాడు. తుపాకి మంచిదా చెడ్డదా యని ఆయన ఎన్నడును అనలేదు.

ఆ ప్రశ్నను లేవదీసినది మా బాపమ్మ. ఆమెకు చదువు లేదు; మూడు పూటల లింగపూజ మాత్రము తప్పలేదు. ఒకనాడు సాయంకాలము నేను రొమ్ము విరుచుకొని నిలిచియుండగా ప్రక్కయింటి బాలుడు నా గుండెకు గురిపెట్టి టిక్లీ ప్రేల్చెను. బాపమ్మ పరుగున వచ్చి, "వాని రొమ్ముల లింగమున్నది. ఆడ గురి పెట్టద్దు" అనెను. ఆ బాలుడు ముస్లిముల బిడ్డ; మాటలో గట్టివాడు. "గట్లయితె వీడు ఎన్నడు చావడు. గిదేం ఆట దాదీ?" అని న్యాయమడిగెను. తక్కిన బాలురును వానితోనే గొంతు కలిపిరి. లింగము కట్టినవాడు చావడు, కట్టనివాడు చచ్చును అనునది ఆటలో పనికివచ్చు నియమము కాదు. బాపమ్మ కొంతసేపు మాటాడలేదు. పిదప అన్నది: "లింగం అందరి రొమ్ములున్నది బిడ్డా. వీనిది బయటికి కనబడ్తది, మీది లోపలున్నది. గంతే ఫరక్. ఎవ్వల రొమ్ముకు గురి పెట్టద్దు."

అంతటితో మా ఆట మారినది. రొమ్ముకు గురి లేదు గనుక కాళ్లకు గురిపెట్టితిమి. కాలికి తగిలినవాడు చావడు గనుక కుంటవలెనని నియమము పెట్టుకొంటిమి. సంధ్యవేళకు మా వరుసలోని పిల్లలందరును కుంటుచు తిరుగుట చూచి, షిఫ్టు దిగి వచ్చు కార్మికులు నిలబడి నవ్వెడివారు.

బాపమ్మ మాటను శాస్త్రము తెలిసిన పెద్దలు కొందరు ఆక్షేపింపవచ్చును. దీక్ష పొందినవానికే గదా లింగము, భవికి లింగమెక్కడిది? ఆక్షేపణ తేలిక కాదు. కాని మన ఆచార్యులు ఇష్టలింగమును గూర్చి మాత్రమే చెప్పి విరమింపలేదు; ప్రాణలింగమును, భావలింగమును గూర్చియు చెప్పిరి. కరస్థలమున ఉన్నది గురువు ఇచ్చినది. ప్రాణమున ఉన్నది ఎవ్వరును ఇచ్చినది కాదు, ఉన్నదానిని ఎరుగుటయే కలదు. దీక్ష దానిని ఎరిగించును గాని పుట్టింపదు. ఎరుగనివానియందు అది లేదనుటకు మనకు అధికారమెక్కడిది? బాపమ్మ షట్‌స్థల శాస్త్రము చదువలేదు. ఆటలో పుట్టిన ఒక వ్యాజ్యెమును తీర్చబోయి, ప్రాణలింగిస్థలమున చెప్పదగిన మాటను వాకిటిలో నిలిచి చెప్పినది.

ఇప్పుడు ప్రశ్నకు వత్తము. "ఆట ఆటయే. రేకు రేకే. దానిలో హింస యెక్కడిది?" అనునది మొదటి పక్షము. లోకమున ఎక్కువమంది తండ్రులు ఈ పక్షమువారు. ఇది వినసొంపైన వాదమే గాని, వీరశైవులమైన మనము దీనిని అంత సులభముగా అంగీకరింపరాదు. ఏలయన, వస్తువు అల్పమైనను భావము దానిని మార్చునని నమ్మిన వారము మనము. పాల్కురికి సోమనాథుడు తన బసవపురాణమున ముగ్ధభక్తుల కథలను ఎంత ప్రేమతో చెప్పెనో పాఠకులెరుగుదురు. గొడగూచి అను బాలిక, శివుడు నిజముగానే గిన్నెలోని పాలు త్రాగునని నమ్మి, త్రాగనందుకు ఏడ్చి, త్రాగించిన గాని ఊరకుండలేదు. ఒక గొల్లబాలుడు ఎండిన గొఱ్ఱె పెంటికను లింగముగా తలచి పాలతో అభిషేకించెను. ఆ పెంటిక లింగమైనది. పెంటిక లింగము కాగలిగినప్పుడు రేకుముక్క తుపాకి కాజాలదా? భావము దేవుని వైపునకు మాత్రమే పనిచేయును, హింస వైపునకు పనిచేయదు అనుట ఎట్లు పొసగును? ఈ చిక్కును తప్పించుకొని పోవుట న్యాయము కాదు.

రెండవ పక్షమువారు దీనిని పట్టుకొని, "కావుననే తుపాకి బొమ్మను ఇంటిలో అడుగు పెట్టనీయరాదు" అందురు. వీరికి లోకమున తోడు కలదు. స్వీడను దేశమున 1979లో ఆటవస్తువుల వర్తకులు, ప్రభుత్వము కలిసి యుద్ధపు బొమ్మలను అమ్మకుండుటకు ఒడంబడిక చేసికొనిరి. అది గౌరవింపదగిన ప్రయత్నము. అయితే మన యింటిలో ఒక ఇబ్బంది కలదు. మన దేవుని చేతిలో త్రిశూలమున్నది, పినాకమున్నది. వీరభద్రుని చేతిలో ఖడ్గమున్నది. పండుగనాడు ఖడ్గము పట్టి దండకము చదువుట మన ఆచారము. బాలుడు వెదురు విల్లు పట్టిన ముద్దుపెట్టుకొందుము; రేకు తుపాకి పట్టిన మందలింతుము. విల్లును చంపుటకే గదా చేసినది? భేదమెక్కడున్నదన, విల్లు పట్టి నేడు ఎవ్వరును మన వీధిలో ఎవ్వరినిని చంపుట లేదు. విల్లు పాతబడి పవిత్రమైనది. తుపాకి యింకను పాతబడలేదు.

మా బాల్యమున అది మిక్కిలి క్రొత్తది. 1978 సెప్టెంబరులో జగిత్యాలలో రైతుకూలీల జైత్రయాత్ర జరిగినది. ఆ అక్టోబరులోనే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతములుగా ప్రకటించిరి. 1980లో పీపుల్స్‌వార్ ఏర్పడినది. 1981 ఏప్రిలులో గోదావరి ఆవల ఇంద్రవెల్లిలో సభకు వచ్చిన గోండులపై పోలీసు కాల్పులు జరిగినవి. ఈ వార్తలన్నియు టీకొట్ల దగ్గర పెద్దలు గొంతు తగ్గించి చెప్పుకొనుచుండగా మేము వింటిమి. అంతవరకు "దొంగ - పోలీసు"గా ఉన్న మా ఆట క్రమముగా "అన్నలు - పోలీసులు"గా మారినది. ఎవ్వరును మార్చలేదు, మారినది. జీపు చప్పుడు వినబడిన తల్లులు ముందుగా పిల్లల చేతిలోని తుపాకులను లాగి బియ్యపు డబ్బాల వెనుక దాచెడివారు. ఆ తల్లుల భయమును నవ్వి త్రోసివేయరాదు. 2014 నవంబరులో అమెరికాలోని క్లీవ్‌లాండు నగరమున పండ్రెండేండ్ల బాలుడొకడు బొమ్మ తుపాకితో ఉద్యానవనమున ఉండగా, నిజమైనదని తలచి పోలీసువారు కాల్చి చంపిరి. భావము రేకును తుపాకి చేయుట అనగా ఇదియే. అయితే ఆ భావము బాలునిది కాదు, పెద్దలది.

మా వరుసలో ఆ ఆటలాడినవారు పదిపన్నెండుగురు. వారిలో ఒకడు పోలీసు కొలువున చేరెను. ఒకడు అడవికి పోయెను, తిరిగి రాలేదు. తక్కినవారిలో పెక్కురు తండ్రుల వెంట బాయి దిగిరి. బొమ్మ తుపాకియే మనిషిని తీర్చిదిద్దునన్న ముగ్గురి గతులు మూడు విధములుగా ఉండ నేల? అడవికి పోయినవాడు ఆటలో తుపాకి పట్టుట అరుదు. కుంటువారిని భుజమెక్కించుకొని మోయుట వానికి ఇష్టము. వానిని తుపాకి చెంతకు నడిపించినది మా రేకు బొమ్మ కాదు. అది వేరొక కథ, ఈ పత్రికలో చెప్పదగినంత చిన్న కథ కాదు.

అయినచో గొల్లబాలుని పెంటికకును మా రేకు తుపాకికిని భేదమేమి? దీనిని గూర్చి చాలకాలము ఆలోచించితిని. నాకు తోచినది చెప్పెదను. పెద్దలు పరిశీలింతురు గాక. ముగ్ధభక్తుని భావము ఒంటిపేట భావము. గొడగూచికి "శివుడు త్రాగినట్లు నటించుచున్నాడు" అను తలపు లేదు. ఆటయందలి భావము రెండుపేటల భావము. "వీడు చచ్చెను" అని ఒక పేట. "వీడు నా మిత్రుడు, అన్నమునకు పిలిచిన లేచిపోవును" అని మరియొక పేట. రెండును ఒకే క్షణమున ఉండును. తల్లి కేక వినబడగానే తుపాకి క్రింద పడును. రెండవ పేట తెగనంత వరకు అది ఆట. తెగిన మరుక్షణము అది ఆట కాదు. చేతిలో రేకు ఉన్నను కర్ర ఉన్నను ఒక్కటియే.

పిల్లలు దీనిని మనకంటె బాగుగా ఎరుగుదురు. మా ఆటలో మిక్కిలి నిందకు గురియైనవాడు గురి తప్పినవాడు కాడు, ఎక్కువమందిని కాల్చినవాడును కాడు. దెబ్బ తగిలినను "నాకు తగల్లే" అని చావక నిలిచినవాడు. వానిని మరునాడు ఆటలో చేర్చుకొనెడివారము కాము. చచ్చుటకు ఒప్పుకొననివానికి చంపు హక్కు లేదు. ఇది మాకు ఎవరును నేర్పని ధర్మశాస్త్రము. చచ్చినవాడు నూరు లెక్కించి లేచును, లేచి పక్షము మారును. నేటి పోలీసు రేపటి అన్న. ఈ వంతులు ఉన్నంతకాలము ఎదుటివాడు ఎవరో మరచుటకు వీలు లేదు. నేడు చరవాణి తెరపై బాలుడు గంటకు వందలమందిని కాల్చుచున్నాడు. వారిలో ఒక్కడును "ఇక నా వంతు" అనడు. వారికి తల్లి లేదు, అన్నమునకు పిలుపు లేదు. రేకు తుపాకిని నిషేధించి చరవాణిని చేతికిచ్చు గృహస్థులను చూచి నాకు జాలి కలుగును. ఆకారమును ఇంటి నుండి వెడలగొట్టి, ఎదుటివాడు లేని ఆటను లోనికి పిలుచుచున్నారు.

ఇచ్చట బసవపురాణమున నన్ను బాధించు ఒక సంగతిని దాచిపెట్టరాదు. ఆ గొల్లబాలుని కథ అభిషేకముతో ముగియదు. తండ్రి ఆగ్రహించి ఆ పెంటికను కాలదన్నగా, బాలుడు తండ్రిని గొడ్డలితో నరకెను. కవి దానిని మెచ్చెను. ఒంటిపేట భావము యొక్క రెండవ ముఖమది. అట్లే కల్యాణమున శరణులైన హరళయ్య, మధువరసుల సంతానమునకు వివాహము జరిగినందులకు బిజ్జలుడు ఆ తండ్రులను క్రూరముగా చంపించెను. పిదప 1167 ప్రాంతమున బిజ్జలుడు హతుడయ్యెను. జగదేవుడు మొదలగు వీరభక్తులు ఆ పని చేసిరని పురాణము కీర్తించుచున్నది. గణాచారమను పేర శివనిందను సహింపక శిక్షించుట పంచాచారములలో ఒకటిగా చెప్పబడినది గదా, ఇందు తప్పేమి యని అడుగువారు నేటికిని కలరు. సోమనాథుని ద్విపద నా బాల్యము నుండి నా నాలుకపై ఉన్నది. ఆ మహాకవి యెడల నాకు గల భక్తికి లోటు లేదు. అయినను, దయను బోధించిన బసవేశ్వరుని పేరిట జరిగిన హత్యను దయ యని నేను పిలువజాలను. ఆ సమయమునకు బసవేశ్వరుడు కల్యాణమున లేడు, కూడలసంగమమునకు మరలిపోయెను. ఆ మరలిపోవుటలో ఎంత దుఃఖమున్నదో ఊహించిన, గణాచారమునకు ఖడ్గమని అర్థము చెప్పుటకు నోరాడదు. "వీరశైవము" అను పేరులోని వీరమును మన పిల్లలకు ఎట్లు బోధింతుమో, రేకు తుపాకి కంటె అది వేయిరెట్లు ముఖ్యము. ఇంటిలో కూర్చుండి, పరమతస్థుని గూర్చి, పరకులస్థుని గూర్చి, "వీనిని కాల్చవలె"నని పెద్దలు పలుకు మాట పిల్లవాడు వినుచున్నాడు. ఆ మాటలో రెండవ పేట లేదు.

తుపాకిని నవ్వుగా మార్చిన విద్య యొకటి మన తెలంగాణమున ఉన్నది. పిట్టలదొరను ఎరుగనివారుందురా? చిరిగిన ఖాకీకోటు, తలపై టోపీ, గీసిన మీసము, భుజమున చెక్క తుపాకి. తుపాకి రాముడనియు వానికి పేరు. ఆ తుపాకి ఎన్నడును ప్రేలదు. ప్రేలునది వాని నోరు. తనకు ఊళ్లు కలవనును, గడీలు కలవనును, పట్టణములన్నియు తన యింటి పెరడనును. పిదప జొన్నలు పెట్టుమని చేయి చాచును. నిజమైన దొరల తుపాకులకు ఊళ్లు వణకిన కాలముననే ఆ దొరతనమును వీధిలో నిలిపి నవ్వించిన ధైర్యము ఆ పేద కళాకారునిది. మా కాలనీకి వచ్చినప్పుడు వాని వెంట పిల్లల దండు నడచెడిది. తుపాకి అను పదమే మనది కాదు, తురుష్కభాష నుండి వచ్చినది; సోమనాథునకు ఆ పదము తెలియదు. పరాయి పదమును, పరాయి ఆయుధమును తెచ్చి పిట్టలదొర మన తెలుగు హాస్యమున కలిపివేసినాడు.

గోదావరికి ఆవల బస్తరులో మరియొక విశేషమున్నది. ఓరుగల్లు పతనమైన పిదప కాకతీయ వంశమువారైన అన్నమదేవుడు అచ్చటికి పోయి రాజ్యము స్థాపించెనని చెప్పుదురు. ఆ రాజ్యపు రాజధానియైన జగదల్‌పూరులో జగన్నాథుని రథయాత్రను గోంచా పండుగ యందురు. ఆ నాడు పిల్లలు, పెద్దలు వెదురు తుపాకులలో పెంగు అను చిన్న కాయలను పెట్టి ప్రేల్చి దేవునకు వందనము చేయుదురు. ఆ వెదురు గొట్టమును తుప్‌కి యందురు. అచ్చముగా మా వేపకాయల గొట్టమే. కోటలో ఫిరంగి ప్రేల్చి రాజునకు చేయు మర్యాదను అడవిజనము వెదురుతో దేవునకు చేయుచున్నారు. వెదురు కోసి బుట్టలల్లుట కాయకముగా గల మేదర కేతయ్యను శరణునిగా పూజించు మనకు ఈ పండుగ వింతగా తోచదు.

నిర్మల సంగతియు ఇచ్చట స్మరింపదగినది. పొనికి కఱ్ఱతో పండ్లు, పక్షులు, జంతువుల బొమ్మలు చేసి దేశమంతటను పేరు గన్న ఆ ఊరిలోనే పూర్వము ఫిరంగులు పోతపోసెడివారు. ఫిరంగుల కొలుములు చల్లారిపోయినవి. బొమ్మల పని నేటికిని నడచుచున్నది. అచ్చటి నకాషీ పనివారు చేసిన సీతాఫలమును చేతికిచ్చిన ఏ బాలుడైనను తుపాకిని మరచునని చెప్పను. అట్లు చెప్పిన పిల్లలను ఎరుగనివాని మాట యగును.

కావున నన్నడిగిన గృహస్థులకు నేను చెప్పునది ఇది. పిల్లవానికి రేకు తుపాకి కొనిపెట్టుటచే లింగమునకు అపచారము లేదు. అయితే ఒంటరిగా ఆడుటకు కొనవలదు. వీధిలో ఎదుటివాడు ఉండవలెను, వాడు ఏ యింటివాడైనను సరే. నిజమైనదానిని పోలిన నల్లని తుపాకి వలదు; చూడగానే బొమ్మ యని తెలియవలెను. ప్రేలనివానిని లెక్కపెట్టించుడు. గురి రొమ్మునకు వలదు. ఎందుకని బాలుడు అడిగిన, బాపమ్మ చెప్పిన కారణము చెప్పుడు. "లింగధారివి గనుక నీకు మాత్రము తగలరాదు" అని చెప్పకుడు. కొనుట యిష్టము లేనివారు కొనకుందురు గాక. అప్పుడును వాడు చూపుడువ్రేలినే తుపాకి చేయును. మా పాఠశాల వరండాలో సుద్దముక్కలు కూడ తుపాకులే. పదేపదే లాగికొని విసిరివేయుట వలన ప్రయోజనము కనబడలేదు. ఎవరు చచ్చిరి, ఎవరి వంతు యని అడిగిన పిల్లలు వెంటనే లెక్క చెప్పుదురు.

ఒక్క విషయమున మాత్రము ఎట్టి సందేహమును లేదు. క్రొత్తగా కార్బైడు తుపాకి యనునది వచ్చినది. ప్లాస్టిక్ గొట్టమున కాల్షియం కార్బైడు ముక్కలు, నీరు కలిపిన అసిటిలీన్ వాయువు పుట్టును. దానికి నిప్పు తగిలించిన భయంకరమైన ధ్వనితో ప్రేలును. పూర్వము గనులలో దీపములకు ఇదే కార్బైడును వాడెడివారు; నేడు కాయలను దొంగచాటుగా మగ్గబెట్టుటకును దీనినే వాడుచున్నారు. ప్రేలనప్పుడు పిల్లవాడు గొట్టములోనికి తొంగిచూచును. ఆ క్షణముననే ప్రేలును. 2025 దీపావళికి మధ్యప్రదేశమున, ముఖ్యముగా భోపాలు నగరమున, ఎందరో బాలురు దీనిచే కన్నులు చెడి ఆసుపత్రుల పాలైరి. కొందరు చూపు కోల్పోయిరి. ఇది బొమ్మ కాదు. అంగడిలో దొరకినను, చరవాణిలో చూచి ఇంటిలో చేసికొన్నను, దీనిని పిల్లల చేతికి రానీయరాదు. మఠములలో పండుగ ప్రసాదము పంచునప్పుడు ఈ ఒక్క సంగతిని తల్లిదండ్రులకు చెప్పవలసినదిగా జంగమదేవరలను ప్రార్థించుచున్నాను. పండుగ గడచిన పిదప చెప్పిన లాభము లేదు. పదిహేను దినములు ముందుగనే చెప్పవలెను.